తొవ్వ ఖర్చు

పాలకుర్తిలో నేను కలిసిన కుటుంబంలో పిల్లవాడితో ఆసుపత్రికి ఎవరు వెళ్లాలో బస్సు టికెట్టే తేల్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అమ్మకు జీరో టికెట్, ఏడేళ్ల బాబుకు హాఫ్ టికెట్. నాయిన వెళ్తే ఫుల్ టికెట్టుతో పాటు ఆ రోజు కైకిలి కూడా పోతుంది. మొదట్లో ఇద్దరూ వెళ్లేవారు. ఇప్పుడు ఫైలు, నీళ్ల సీసా, రెండు ప్లాస్టిక్ కవర్లు, దుప్పటి సంచిలో పెట్టుకుని ఆమె ఒక్కతే తీసుకెళ్తోంది. ఉచిత బస్సు ఆ ఇంటికి నిజంగా ఆసరా అయింది. కానీ డాక్టరు చెప్పేది వినడం, సంతకాలు పెట్టడం, పిల్లవాడు ఏడుస్తుంటే కదలకుండా పట్టుకోవడం, అన్నీ ఒక్క మనిషి మీద పడ్డాయి.

బాబుకు రక్త కేన్సర్. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం, డాక్టర్లు ఏఎల్ఎల్ అంటారు. "ఊకె జెరం వస్తుంటే టైఫాయిడ్ అనుకున్నమక్కా. ముక్కులకెల్లి నెత్తురు కారినంక వరంగల్ పోయినం. ఆడికెల్లి పట్నం పంపిన్రు" అంది తల్లి. అప్పటి నుంచి వాళ్ల దారి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రికి. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో మొదలైన ఈ సర్కారు దవాఖానాకు తెలంగాణ నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. కాబట్టి మందుకు డబ్బు కట్టే పని పడలేదు. ఖర్చంతా తొవ్వది.

పాలకుర్తి నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ దాటి ఉప్పల్. అక్కడి నుంచి లక్డీకాపూల్. మొత్తం 120 కిలోమీటర్ల పైమాటే. కేన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఖమ్మం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చేవాళ్లకు ఇది పెద్ద మేలు. పాలకుర్తిలో స్టేషనే లేదు. జనగామ దాకా బస్సులో పోయినవాళ్లు మళ్లీ దిగి రైలెక్కడం ఎందుకని అదే బస్సులో కూర్చుంటారు.

మొదటి కొన్ని నెలలు పట్నంలోనే ఉండాల్సి వచ్చింది. ఉప్పల్‌లో చుట్టాల ఒంటి గది ఇల్లు. వాళ్లకూ ఇద్దరు పిల్లలు. ఎవరూ ఏమీ అనకపోయినా ఆ ఇంట్లో ఎక్కువ రోజులు ఉండటం తనకే కష్టంగా తోచిందని తల్లి చెప్పింది. ఇలాంటి కుటుంబాలకు గది, వంటిల్లు ఉచితంగా ఇచ్చే సెయింట్ జూడ్ కేంద్రాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఆ సంగతి వీళ్లకు ఆలస్యంగా తెలిసింది. ఆలోపు పాలిచ్చే బర్రెను అమ్మేశారు. బాబు అక్క ఆరో తరగతి. ఆ నెలలన్నీ నాయనమ్మ దగ్గరే ఉండి, సాయంత్రం పూట తమ్ముడితో ఫోన్లో మాట్లాడేది.

ఈ వైద్యం రెండేళ్లకు పైనే సాగుతుంది. వెన్నులో సూది వేసిన రోజే అన్నిటికంటే కష్టం. తలనొప్పి వస్తుంది, కూర్చోలేడు. తిరుగు ప్రయాణంలో కండక్టర్ ఖాళీ చూసి సీటు ఇప్పిస్తే తల్లి ఒళ్లో తల పెట్టి పడుకుంటాడు. బస్సు కిక్కిరిసి ఉంటే ఆమె గుండె వేరే కారణానికి కొట్టుకుంటుంది. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, పక్కవాడి దగ్గు కూడా ప్రమాదమే. ఇంకో చిక్కుంది: "కౌంట్ తక్కువుందంటే మందు ఎక్కియ్యరక్కా. మళ్ల వారం రమ్మంటరు." అది డాక్టర్ల తప్పు కాదు, పిల్లవాడి ప్రాణం కోసమే. కానీ ఆ రక్తపరీక్ష ముందురోజు జనగామలోనే చేసి, కౌంట్ బాగుంటేనే బస్సెక్కమని చెప్పే మనిషి ఉంటే ఆ ప్రయాణం మిగులుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ కేన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. వాటిలో పిల్లల కోసం తర్ఫీదైన నర్సు ఒక్కరున్నా పాలకుర్తి లాంటి ఊళ్లకు అది మహా ఉపకారం. సంపన్న దేశాల్లో కేన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వైద్యం మధ్యలో మానేయడం అందుకు ఒక కారణం. మానేసినవాళ్లను నిర్లక్ష్యం చేశారనే ముందు ఈ దారిలో ఒక్కసారి వెళ్లి రావాలని నా మనవి.

ఇంట్లో నన్ను ఆశ్చర్యపరిచింది నాయనమ్మ. ఆమెకు అక్షరాలు రావు. అంకెల థర్మామీటర్ మాత్రం చదువుతుంది. "నూరు దాటి, చుక్క పక్కన నాలుగు కనబడితే ఆగొద్దు, దవాఖానకు ఉరకాలె." 100.4 దాటిన జ్వరం ఈ పిల్లలకు గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఒక రాత్రి ఆమె లేపబట్టే 108లో జనగామ చేరారు. గుట్ట మీది సోమేశ్వరుడికి ఆమె మనవడి తలనీలాలు మొక్కింది. రాలిన జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది.

మాత్రల డబ్బా కూడా ఆమె దగ్గరే. వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ పట్టీ తీసి చూపించింది. ఆ మందు వెనక మన తెలుగువాడున్నాడని చెప్పాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీలో పరిశోధన నడిపించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ పిల్లలకు ఇస్తే, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సుబ్బారావు అదే ఏడాది పోయారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకు దగ్గరి చుట్టం. "మనోడేనా!" అని ఆమె పట్టీని మళ్లీ తిప్పి చూసింది.

నేను బయల్దేరే వేళ తల్లికి ఫోన్ వచ్చింది. తొర్రూరు దగ్గరి ఒకావిడ, బిడ్డకు ఈ మధ్యే ఇదే జబ్బని తేలిందట. "అక్కా, మొదాలు ఆధార్, రేషన్ కార్డు జిరాక్స్‌లు పది తీయించుకో. ఆరోగ్యమిత్రను కలువు. ఉండటానికి రూమ్ ఫ్రీగ దొరుకుతది, అక్కడ్నే అడుగు, సిగ్గుపడకు. బర్రెనో గొడ్డునో అప్పుడే అమ్మకు. బిడ్డకు మాస్కు పెట్టి కిటికీ పక్క కూసోబెట్టు. యాంతికి కవర్లు మర్చిపోకు…" ఆమె చెబుతూనే ఉంది.