పాత జీపూ, పది పానాలూ

ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడినట్టు అని సామెత. పాత జీపు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఏనుగు చవగ్గానే దొరుకుతుంది. అంకుశాలు కొనడంతోనే జన్మ సరిపోతుంది.

మేముండేది కొండాపూర్‌లో. ఇటు చూస్తే అద్దాలమేడ, అటు చూస్తే మరో అద్దాలమేడ. ఆ మేడల్లోని కుర్రాళ్ళు అమెరికాలో ఉన్న యంత్రానికి జబ్బు చేస్తే ఇక్కడ కుర్చీలో కూచునే నయం చేస్తారట. నా జీపుకు జబ్బు చేస్తే మాత్రం నేను చాప పరుచుకుని దాని కిందికి దూరాలి. కుర్చీలో కూచుంటే నయమయ్యే జాతి కాదది. "ఈయన పడగ్గదిలో కంటే జీపు కిందే ఎక్కువసేపు పడుకుంటారమ్మా" అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతూనే ఉంటుంది.

ఇంతకీ ఇది నేను కోరి తెచ్చుకున్నది కాదు. చేవెళ్ళ దగ్గర మామిడితోట కోసమని మా బావమరిది 1995 నవంబరులో కొన్నాడు. మహీంద్రా వారి ఎమ్మెమ్ 540. ప్యూజో డీజిలు ఇంజను, 2,112 సీసీలు. తోట అమ్మేశాక, "బావా, నీకైతే ఓపిక ఉంది" అంటూ 2008లో తెచ్చి మా గుమ్మంలో నిలబెట్టి వెళ్ళాడు. పొగడ్తతో మొదలైన ఏ బహుమానమైనా ఇంతే.

దీని వంశం మాత్రం గొప్పది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పుట్టింది. దేశం విడిపోయాక అందులోని గులాం మహమ్మద్‌గారు పాకిస్తానుకు మొట్టమొదటి ఆర్థికమంత్రిగా వెళ్ళారు, ఆ తర్వాత గవర్నరు జనరలూ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అప్పటికే, 1947 నుంచే, వాళ్ళు విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. మా జీపు ఆ చెట్టు కొమ్మే.

మన పల్లెల్లో జీపంటే వాహనం కాదు, హోదా. దూరాన ధూళి లేచిందంటే తాసీల్దారో, బీడీఓనో వస్తున్నాడని లెక్క. ఎన్నికలొస్తే అదే జీపు మైకు కట్టుకుని ఓట్లడిగేది. హైటెక్ సిటీ సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు ప్రారంభించారు. అంతకు ముందు మాదాపూర్ వైపంతా రాళ్ళగుట్టలూ, సీతాఫలం చెట్లూను. ఆ దారులకు జీపే తగిన బండి. ఇవాళ దారులు నున్నగా ఉన్నాయి గానీ సాయంత్రం ఆరింటికి ఆ నున్నటి దారిమీద కొత్త కార్లు నడిచే వేగం చూస్తే, మా ముసలిది సిగ్గుపడాల్సిన పనేమీ కనబడదు.

నాలుగు చక్రాలకూ బలం ఉండటం అంటే ఏమిటని మా మేడలో పిల్లలు అడుగుతుంటారు. గేరు కర్ర కాక ఇంకో రెండు చిన్న కర్రలుంటాయి దీనికి. ఒకటి ముందు చక్రాల్ని పనిలోకి దింపుతుంది. రెండోది బండిని సుమారు రెండున్నర రెట్లు నెమ్మది చేసి, అన్ని రెట్లు బలం ఇస్తుంది. బురదలో ఈ ఏర్పాటు దేవుడే. తారురోడ్డు మీద మాత్రం పనికిరాదు. ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనక చక్రాలు చిన్న చుట్టు. ఈ కర్ర వేస్తే ముందూ వెనకా ఇరుసులు సమానంగా తిరగాల్సిందే. బురదలో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ బిగువంతా లోపలి పళ్ళమీద పడి, కర్ర బిగుసుకుపోయి ఊడిరాదు. అప్పుడు కాస్త వెనక్కి నడిపితే వదులవుతుంది. ఉమ్మడి కుటుంబమూ ఇంతేనండీ. జారేచోటు కాస్త ఉంటేనే నలుగురూ కలిసి నడుస్తారు. బిగుసుకున్నప్పుడు ఎవరో ఒకరు రెండడుగులు వెనక్కి వేయాలి.

నాకీ విద్య నేర్పినవాడు ఒక ఉస్తాద్. మా వీధి చివర రేకుల షెడ్డులో ఉండేవాడు. బండి షెడ్డు దాకా రాకముందే, చప్పుడు విని, "సాబ్, వెనక క్రాసు పోయింది" అనేవాడు. "బండి మాట్లాడ్తది సాబ్. మనకే ఇనే పుర్సత్ లేదు" అని అతని సిద్ధాంతం. ఆయన చెప్పినవి నాలుగు సూత్రాలు, నేను నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను.

ఒకటి: జాకీని నమ్మి బండి కింద దూరకు. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. కింద గట్టి ఇనప స్టాండ్లు పెట్టు. ఇటుకలు పెట్టకు, అవి చెప్పకుండా పగులుతాయి.

రెండు: గేరు ఆయిలు మార్చేటప్పుడు ముందు పోసే బిరడా విప్పు, తర్వాతే కారే బిరడా విప్పు. పైది తుప్పుపట్టి రానన్నదనుకో, పాత నూనె పోయి, కొత్త నూనె పోసే దారిలేక బండి అక్కడే కూలబడుతుంది.

మూడు: డీజిలు అయిపోయి ఆగితే, మళ్ళీ పోసినంతమాత్రాన కదలదు. గొట్టంలో గాలి చేరుతుంది. ఫిల్టరు మీద మర కాస్త వదులుచేసి, చేతిపంపు కొడుతూ ఉండు. ముందు బుడగలు వస్తాయి, తర్వాత ఒట్టి డీజిలు వస్తుంది. అప్పుడు బిగించు.

నాలుగు: గ్రీజు బద్ధకించకు. కమాన్ల షాకిళ్ళకూ, క్రాసులకూ గ్రీజు గన్ను పెట్టి, పాత నల్లగ్రీజు బయటికొచ్చి కొత్తది కనపడేదాకా కొట్టు.

ఆ షెడ్డున్న చోట ఇప్పుడు తొమ్మిదంతస్తుల మేడ లేచింది. ఉస్తాద్ పటాన్‌చెరువు అవతలికి వెళ్ళిపోయాడు. చూపు తగ్గింది. సామాన్లకు నేనే రాణీగంజ్ వెళతాను. ఆ గల్లీల్లో బేరింగు నంబరు చెబితే, అంగడివాడు లేచి చూడకుండానే చెయ్యి చాచి తీసి ఇస్తాడు. అనుమానం వస్తే ఇప్పటికీ ఫోను చేస్తాను. "ఇంజన్ దగ్గర పెట్టుండ్రి సాబ్ ఫోను" అంటాడు. అరనిమిషం విని జబ్బు చెబుతాడు. మన ఊళ్ళో ఫోనుతో వైద్యం చేసే స్పెషలిస్టులు చాలామంది ఉన్నారు గానీ, ఫీజు అడగనివాణ్ణి ఈయన్నే చూశాను.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదును వాన ముంచెత్తిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మా మేడలో పెద్దాయనొకరికి ఆయాసం వచ్చింది. వీధి మొగలో మోకాలు దాటి నీళ్ళు. అంబులెన్సు అవతలే ఆగిపోయింది. ఆయన్ను జీపెక్కించి, రెండు కర్రలూ వేసి, మొదటి గేరులో, కాలు తీయకుండా దాటించాను. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ ప్లగ్గులుండవు కనుక, గాలి పీల్చే మూతిలోకి నీళ్ళు పోనంతవరకు అది ఆగదు. అవతల ఒడ్డున బ్రేకు తొక్కితే పట్టలేదు. డ్రమ్ములు తడిసిపోయాయి. నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు మెత్తగా తొక్కి ఆరబెట్టాక పట్టాయి. ఆయన క్షేమంగా ఇంటికొచ్చారు. మర్నాడు నేను బండి కిందికి వెళ్ళాను. ఇరుసులోని నూనె పాలు కలిపిన కాఫీలా ఉంది! వేడెక్కిన ఇరుసు చన్నీళ్ళలో దిగితే లోపలి గాలి కుదించుకుని, సందుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఆ నూనె అలాగే వదిలేస్తే బేరింగులు తుప్పుపడతాయి. జీపు దాటించడం పావుగంట పని. ఆ తర్వాత చెయ్యాల్సింది రెండు ఆదివారాల పని. మెప్పు మొదటిదానికి వచ్చింది.

కాని మా అమ్మాయి మాట కూడా చెప్పాలి. రాయదుర్గంలో ఉద్యోగం చేస్తుంది. "నాన్నా, ఇది వదిలే పొగ మాటేమిటి? ఒక్కరి సరదాకు వీధంతా దగ్గాలా?" అంది. తోసిపుచ్చదగ్గ మాట కాదు. అందుకే కాలుష్య పరీక్షలో నెగ్గినన్నాళ్ళే అని ఒప్పందం చేసుకున్నాం. ఆదివారం ఒక్కరోజే బయటికి తీయడం, నల్లపొగ కనపడితే ముందు గాలి ఫిల్టరు, తర్వాత ఇంజెక్టర్లు చూపించడం, అప్పటికీ తగ్గకపోతే తుక్కుకి. తుక్కుకి అన్న మాట నా చేతే నోటుబుక్కులో రాయించి, కింద తేదీ వేయించింది.

సర్కారుకూ పాతబండ్లంటే ప్రేమ లేదు. పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను తిరగరాయించుకోవాలి. 2020లో నేను కట్టిన ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. ఇరవయ్యేళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ టాక్సు వేరు. "ఆ డబ్బుతో గాజులొచ్చేవి" అంది మా ఆవిడ. బంగారం ధర తెలిసే అన్నదో, తెలియక అన్నదో నేను అడగలేదు.

కిందటి నవంబరులో పరీక్షకు ముందు రెండు వారాలు బ్రేకులు విప్పి బిగించాను. నా నడుము వంగని చోటికి మా అమ్మాయి దూరింది. "ఈ నట్టు ఎటు తిప్పాలి?" అని కిందినుంచి అడుగుతుంటే, పైన టార్చి పట్టుకుని నిలబడటం నాకు కొత్త. ఆ రోజు నోటుబుక్కులో చక్రాల సిలిండర్లు మార్చిన లెక్క తనే రాసింది, నా రాతకంటే శుభ్రంగా.

బండి నెగ్గింది. ఇనస్పెక్టరుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, సంతకం పెట్టి, "మళ్ళీ 2030లో కలుద్దాం" అన్నారు. అప్పటికి జీపుకు ముప్ఫై అయిదు, నాకు డెబ్భై మూడు. మా ఇద్దరిలో ఫిట్‌నెస్ ఎవరికి దొరుకుతుందో చూడాలి. ఈలోగా గ్రీజు మాత్రం ఇద్దరికీ ఆదివారం ఆదివారం పడుతూనే ఉంది. దానికి గన్నుతో, నా నడుముకు మా ఆవిడ చేతి నొప్పుల తైలంతో.