బాంబర్‌ మీద నిజాం పేరు

హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లే దారిలో నకిరేకల్‌, సూర్యాపేటల మధ్య ఉంటుంది కేతేపల్లి. కొర్లపహాడ్‌ టోల్‌గేటు ఈ మండలంలోదే. బస్సులూ కార్లూ ఆగేది అక్కడే, అదీ డబ్బు కట్టడానికి. హైవే దిగి పొలాల వైపు వెళితే లోకం మారిపోతుంది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు నీళ్లు, కాల్వలు, వరి మళ్లు...

ఇలాంటి ఊరికీ, జర్మనీ మీద బాంబులు వేసిన విమానాలకూ ఏమిటి సంబంధం? ఉంది. ఆ సంబంధం తెలియాలంటే ముందు ఇంగ్లండులో పుట్టిన ఓ వింత అభిరుచి గురించి చెప్పుకోవాలి.

పెన్సిల్‌ సంతకాలు

కొందరు స్టాంపులు దాస్తారు, కొందరు పాత నాణేలు. యుద్ధ విమానాల బొమ్మలు సేకరించేవాళ్లూ ఉన్నారు. ఉత్తి బొమ్మలైతే వాళ్లకు ఆనదు. ఆ విమానాల్లో ఎగిరిన వీరుల సంతకం ఉండాలి! చిత్రకారుడు వేసిన తైలవర్ణ చిత్రాన్ని కొన్ని వందల ప్రింట్లు మాత్రమే తీసి, ప్రతి దానికీ వరస నంబరు వేస్తారు. బొమ్మ కింద ఖాళీ అంచులో చిత్రకారుడు పెన్సిల్‌తో సంతకం పెడతాడు. పక్కనే పైలట్‌, నావిగేటర్‌, తుపాకీ పేల్చినవాడు... బతికున్నవాళ్లంతా చేవ్రాలు చేస్తారు. ఆ ప్రింటుకు పటం కట్టించి, ఎండ తగలని గోడకు వేలాడదీస్తారు. ఎండ పడితే రంగులు వెలిసిపోతాయి మరి!

ఫ్రాంక్‌ వూటన్‌, రాబర్ట్‌ టేలర్‌ ఈ కళలో పేరున్న బ్రిటిష్‌ చిత్రకారులు. టేలర్‌ గీసిన స్పిట్‌ఫైర్‌ బొమ్మ మీద డగ్లస్‌ బాడర్‌, జానీ జాన్సన్‌ అనే ఇద్దరు ఫైటర్‌ పైలట్లు సంతకాలు చేశారు. ఆ తర్వాత ఈ సరదా బాగా పాకింది.

బాంబర్‌ సిబ్బందికి మాత్రం ఇది సరదా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌ బాంబర్‌ కమాండ్‌లో పనిచేసిన విమాన సిబ్బంది సుమారు 1,25,000 మంది. వాళ్లలో 55,573 మంది తిరిగి రాలేదు. ఎక్కువమందికి పాతికేళ్లు కూడా లేవు. వాళ్లు వేసిన బాంబులకు జర్మనీ నగరాల్లో మామూలు జనం వేల సంఖ్యలో చనిపోయారు. అందుకే గెలిచాక కూడా వీళ్ల గురించి మాట్లాడటానికి దేశం మొహమాటపడింది. లండన్‌లో వాళ్ల స్మారకం వెలిసింది 2012లో! అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ముసలివాళ్లయిన ఆ సైనికుల ముందు బొమ్మ పెట్టి ‘మీ పేరు రాయండి’ అని అడిగింది ఈ ప్రింట్ల వాళ్లే. ఆ చిన్న గీతకు అంత విలువ అందుకే.

హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌

ఇప్పుడు మన కథలోకి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండుకు ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ ఓ స్క్వాడ్రన్‌కు సరిపడా బాంబర్లు కానుకగా ఇచ్చారు. అదే 110వ స్క్వాడ్రన్‌. విమానాలు డీహెచ్‌-9ఏ రకానివి, ఒక్కోదానిలో ఇద్దరు కూర్చుంటారు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్‌ చేరి, అక్కడి నుంచి జర్మనీ పట్టణాల మీదకు వెళ్లేవి. వాటి ఒంటి మీద ఆంగ్లంలో ‘హైదరాబాద్‌ నిజాం ప్రభువులవారు బహూకరించినది’ అని రాసి ఉండేది!

ఆ విమానాల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. దాని నంబరు ఎఫ్‌-1010. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్లి జర్మనీ గడ్డ మీద దిగిపోయింది. కెప్టెన్‌ ఇంగ్లిస్‌, సెకండ్‌ లెఫ్టినెంట్‌ బోడ్లీ యుద్ధ ఖైదీలయ్యారు. విమానాన్ని బెర్లిన్‌ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్‌ చేరింది. 1977లో ఓ స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి బ్రిటిష్‌వాళ్లు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. లండన్‌లోని హెండన్‌ మ్యూజియానికి వెళితే చూడొచ్చు. ప్రవేశం ఉచితం. తెలుగువాళ్లు ఎంతోమంది లండన్‌ చూసొస్తారు, ఈ హాలు వైపు వెళ్లేవాళ్లు తక్కువ.

ఈ స్క్వాడ్రన్‌ పేరులో ‘హైదరాబాద్‌’ చాలాకాలం నిలిచింది. ఇంగ్లండు రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న జర్మనీ యుద్ధనౌకల మీద దాడికి వెళ్లిన బ్లెన్‌హైమ్‌ బాంబర్లలో 110వ స్క్వాడ్రన్‌వి ఉన్నాయి. తర్వాత అది మనవైపే వచ్చి, బర్మా సరిహద్దులో జపాన్‌ సేనల మీద పోరాడింది. జపాన్‌ విమానాలు 1942 ఏప్రిల్‌ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు వేశాయి కదా! 152వ స్క్వాడ్రన్‌ స్పిట్‌ఫైర్లకూ హైదరాబాద్‌ పేరే ఉండేది, దాని చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది. 110వ స్క్వాడ్రన్‌ 1971లో రద్దయింది.

ఎవరి సొమ్ము?

ఇంతకీ ఆ బాంబర్ల డబ్బు ఎక్కడిది? అది దివానీ ఖజానాదా, నిజాం సొంత సర్ఫెఖాస్‌దా అన్నది అటుంచితే, రెండింటికీ పెద్ద ఆదరువు భూమి శిస్తే. అంటే నల్లగొండ, పాలమూరు వంటి జిల్లాల చెలకలూ, చెరువు కింది మడులూ. కానుకలు అందుకున్న ఇంగ్లండు 1918లో నిజాంకు కొత్త బిరుదులిచ్చింది. ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అంది. రైతుకు మాత్రం పన్ను రసీదే మిగిలింది.

రెండో యుద్ధకాలంలో మరీ ఇబ్బంది. పండినా పండకపోయినా లెవీ ధాన్యం కొలవాల్సిందే. వెట్టిచాకిరీ, బేదఖళ్లకు ఆ లెవీ తోడై నల్లగొండ జిల్లాలో మంట రాజేసింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946 నాటికి సూర్యాపేట, నకిరేకల్‌ పల్లెలు సాయుధ పోరాటంలో ఉన్నాయి. ఆకాశంలో హైదరాబాద్‌ పేరు మోసిన విమానాలెగిరిన కాలంలోనే, ఇక్కడి నేల మీద ఇంకో యుద్ధానికి విత్తనాలు పడ్డాయి.

బొమ్మల సేకరణలో ఓ పద్ధతి ఉంది. పైలట్‌ సంతకం ఒక్కటే ఉంటే సరిపోదు, సిబ్బంది అందరివీ ఉంటేనే ప్రింటుకు నిండుదనం. లాంకాస్టర్‌ బాంబర్‌లో ఏడుగురుంటే ఏడుగురివీ వెతుకుతారు. ఇప్పుడు ఆ వెతుకులాటా ముగింపుకొచ్చింది. 1943లో జర్మనీ ఆనకట్టలు పగలగొట్టిన 133 మందిలో చివరివాడు జాన్సన్‌ 2022 డిసెంబరులో 101 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. (స్పిట్‌ఫైర్‌ బొమ్మ మీద సంతకం చేసిన జాన్సన్‌ వేరు.) కొత్త సంతకాలు ఇక రావు. ఉన్నవాటిని ఎండ తగలకుండా కాపాడుకోవడమే.

అదే లెక్కన చూస్తే ఎఫ్‌-1010 మీద ఉన్న పేరు ఒక్కటే. ఎగిరిన ఇద్దరి పేర్లు మ్యూజియం రికార్డుల్లో ఉన్నాయి. శిస్తు కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. హైదరాబాద్‌ను ఒరుసుకుంటూ వచ్చే మూసీయే కేతేపల్లి పొలాలకూ నీళ్లిస్తుంది. సాయంత్రం కాల్వ గట్టు మీద నిలబడితే, మబ్బుల్లో ఓ విమానం వెండి చుక్కలా సాగిపోతుంది. మడిలో వంగిన మనిషి ఒక్క క్షణం తల ఎత్తి చూస్తాడు. మళ్లీ పనిలో పడతాడు.

హెండన్‌లో ఆ పాత బాంబర్‌ ముందు నిలబడిన తెలుగువాడికి నిజాం పేరుతో పాటు ఆ మనిషి తాతా గుర్తుకొస్తే... ఆ సంతకాల వరస నిండినట్లే!