పసుపు దీపం

సినిమా హాలులోకి వెళ్ళేటప్పుడో, ఆస్పత్రి మెట్లు ఎక్కేటప్పుడో గోడకు బిగించిన ఒక పెట్టె మన కంటబడుతుంది. దాని ముఖాన ఒక చిన్న తెర, కొన్ని మీటలు, వరుసగా నాలుగైదు దీపాలు ఉంటాయి. వాటిలో సాధారణంగా ఆకుపచ్చ దీపం ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. మనం దాన్ని చూస్తాం కాని గమనించం. ఇంటి అరుగుమీద ఒక మూల కూర్చుని, వచ్చేపోయే వారందరినీ కనిపెట్టుకుని ఉండే పెద్దవారి వంటిది ఆ పెట్టె. దానిని ఫైర్ అలారం కంట్రోల్ ప్యానెల్ అంటారు. అగ్నిప్రమాదాన్ని ముందుగా పసిగట్టి హెచ్చరించే వ్యవస్థకంతటికీ అదే కేంద్రం. అటువంటి ప్యానెళ్ళను బిగించి, పరీక్షించి, అప్పగించడమే ఇరవై ఏళ్ళకు పైగా నా వృత్తి.

అగ్నిప్రమాదం అనగానే మనకు మంటలే గుర్తుకు వస్తాయి. కాని ఇటువంటి ప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణాలను బలిగొనేది పొగ. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో జరిగిన ప్రమాదంలో 59 మంది మరణించారు. మంట పుట్టింది కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ వద్ద. ప్రాణాలు పోయింది పై అంతస్తులోని బాల్కనీలో. మంట చేరని చోటికి పొగ చేరి వారికి ఊపిరాడకుండా చేసింది. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఈ సంగతి చెప్పి, “మనం మంటను ఆర్పలేం నాయనా! మనిషి బయటపడటానికి నాలుగు నిమిషాల వ్యవధి ముందుగా ఇవ్వగలం. మన పని అంతే. కాని ఆ నాలుగు నిమిషాలే ప్రాణం” అన్నాడు. ఆ మాట నేను విన్నాను. దాని అర్థం మాత్రం ఆలస్యంగా తెలిసింది.

ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పూర్తిచేసి ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2003లో, కృష్ణాతీరంలోని ఒక పట్టణంలో కొత్తగా కట్టిన నాలుగంతస్తుల ఆస్పత్రికి నన్ను పంపారు. ఎవరి తోడూ లేకుండా నేను బాధ్యత వహించిన మొదటి పని అది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 2189 నియమావళిని సంచిలో పెట్టుకుని, సర్వం నాకే తెలుసునన్న ధీమాతో బయలుదేరాను.

ఆ పని జరిగే తీరు ఇది. ప్యానెల్ నుండి రెండు తీగల కేబుల్ బయలుదేరి, గదుల పైకప్పుల మీదుగా భవనమంతా తిరిగి, మళ్ళీ ప్యానెల్‌కే చేరుతుంది. దీనిని లూప్ అంటారు. పొగను గుర్తించే డిటెక్టర్లు, ఆపదలో మనిషి చేతితో నొక్కే ఎర్రని కాల్ పాయింట్లు ఈ తీగకు దండలో పూలవలె అమరి ఉంటాయి. ఒకచోట తీగ తెగినా రెండవ వైపు నుండి వార్త అందుతూనే ఉంటుంది. ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే ఆ భాగాన్ని మాత్రమే విడదీసి, మిగిలిన భాగాన్ని కాపాడటానికి మధ్యమధ్య ఐసొలేటర్లు అమరుస్తాం. ప్రతి డిటెక్టరుకు ఒక ప్రత్యేక సంఖ్య కేటాయిస్తాం. ఒకే సంఖ్యను రెండింటికి ఇస్తే ప్యానెల్ తికమకపడి లోపం చూపుతుంది.

విద్యుత్తు పోయినా ప్యానెల్ నిద్రపోకూడదు. అందుకోసం దానిలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. వాటి పరిమాణాన్ని ఊహించి నిర్ణయించరాదు, లెక్క కట్టాలి. మామూలు స్థితిలో వ్యవస్థకు 0.2 ఆంపియర్ల విద్యుత్తు అవసరమైతే, 24 గంటలకు 4.8 ఆంపియర్-గంటలు కావాలి. ఆపైన అరగంట సేపు హెచ్చరిక గంటలు మోగడానికి 1.2 ఆంపియర్ల చొప్పున మరో 0.6 కావాలి. మొత్తం 5.4. బ్యాటరీకి కూడా వార్ధక్యం వస్తుంది కనుక పాతిక శాతం కలిపితే 6.75 అవుతుంది. కాబట్టి 7 ఆంపియర్-గంటల బ్యాటరీలు అమర్చాలి. ఈ లెక్కలన్నీ నేను తప్పు లేకుండా చేశాను.

తరువాత ప్యానెల్‌కు బుద్ధులు నేర్పాలి. ఏ సంఖ్య ఏ గదిదో, ఏ డిటెక్టరు పలికితే ఏ గంటలు మోగాలో, లిఫ్టులు ఎప్పుడు కింది అంతస్తుకు దిగి ఆగిపోవాలో, పొగను మోసుకుపోకుండా ఏ ఎయిర్ కండిషనింగ్ యంత్రాలు నిలిచిపోవాలో ఒక్కొక్కటిగా దానిలో నమోదు చేయాలి. నేను నకలు పట్టికలో ఉన్న గుర్తులనే నమోదు చేశాను. రెండవ అంతస్తులోని ఒక చిన్నగది పట్టికలో ‘స్టోర్ రూమ్’ అని ఉంది. అక్కడ పొగ డిటెక్టరు బిగించి, ఆ పేరే ఇచ్చాను.

చివరిరోజున డిటెక్టర్ల మీది దుమ్ము తొడుగులు తీసివేసి, ఒక్కొక్కదాని కింద పరీక్షకు వాడే పొగ చిమ్మి, అన్నీ పలుకుతున్నాయని నిర్ధారించుకున్నాను. రాత్రి కాపలాదారుకు ప్యానెల్ గురించి వివరించవలసి వచ్చింది. ఆయనకు అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఆస్పత్రిలో అందరూ ఆయనను తాత అని పిలిచేవారు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ప్యానెల్ తెరమీద కనిపించేదంతా ఇంగ్లీషు. అందుచేత నేను సులువైన మార్గం వెదికాను. “తాతా! ఆకుపచ్చ దీపం వెలిగితే అంతా క్షేమం. ఎరుపు వెలిగితే ప్రమాదం, అందరినీ లేపాలి. పసుపు వెలిగితే యంత్రంలో ఏదో లోపం ఉందనో, ఎవరో ఏదో భాగాన్ని ఆపివేశారనో అర్థం. అప్పుడు మా ఆఫీసుకు ఫోన్ చెయ్యి” అన్నాను. ఆయన మూడు రంగులనూ వేలితో చూపించి, తిరిగి నాకు అప్పగించాడు.

మూడు నెలలు గడిచాయి. స్టోర్ రూమ్‌గా నకలులో ఉన్న ఆ గదిలో ఆస్పత్రివారు విద్యుత్ పొయ్యి పెట్టి, రోగులకు పాలు కాచడం, ఉప్మా చేయడం మొదలుపెట్టారు. పక్కనే బాలింతల వార్డు. పోపు వేసినప్పుడల్లా భవనమంతా గంటలు మోగేవి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కాని ప్రమాదం లేకుండానే పొగ వస్తుందని డిటెక్టరుకు తెలియదు కదా! ఒకనాడు పురిటి మంచం మీది తల్లి ఒకరోజు బిడ్డను గుండెకు హత్తుకుని మెట్లమీదుగా పరుగెత్తిందట. మరునాడే నాకు కబురు వచ్చింది. “ఆ గంట మళ్ళీ మోగరాదు. ఏం చేస్తారో మాకు తెలియదు” అన్నారు ఆస్పత్రి నిర్వాహకులు.

చేయవలసినది నాకు తెలుసు. వంట జరిగే చోట పొగ డిటెక్టరు తీసివేసి, సుమారు 57 డిగ్రీల వేడికి స్పందించే హీట్ డిటెక్టరు అమర్చాలి. నా సంచిలో అది లేదు. తెప్పించడానికి వారం పడుతుంది. సాయంత్రం బస్సుకు మరో ఊరు వెళ్ళాలి. ప్యానెల్ మీద నాలుగు మీటలు నొక్కి ఆ ఒక్క డిటెక్టరును నిలిపివేశాను. పసుపు దీపం వెలిగింది. పుస్తకంలో ‘తాత్కాలికం’ అని రాసుకున్నాను. బస్సెక్కాను. మరిచిపోయాను.

తాత మరిచిపోలేదు. వారం తిరగకుండానే ఆఫీసుకు ఫోన్ చేశాడు. “పసుపు వెలుగుతోంది బాబూ” అన్నాడు. “నేనే ఆపాను తాతా, భయం లేదు” అన్నాను. పదిరోజుల తరువాత మళ్ళీ చేశాడు. వస్తానన్నాను. మూడవసారి ఫోన్ వచ్చినప్పుడు నేను లేనని చెప్పించాను. ఆ మాట రాయడానికి నాకు ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది.

నలభై రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది. ముందురాత్రి ఆ గదిలో ఎవరో పొయ్యిమీద పాలగిన్నె పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారట. పాలు ఇగిరి, గిన్నె మాడి, పొయ్యి పక్కనున్న గుడ్డలు అంటుకున్నాయి. తలుపు మూసి ఉన్నందువల్ల వరండాలోని డిటెక్టరు దాకా ఇంకా పొగ చేరలేదు. గదిలోని డిటెక్టరు పొగలో మునిగి ఉన్నా దాని మాట వినవద్దని ప్యానెల్‌కు చెప్పింది నేనే. బాలింతలు, పసిబిడ్డలు గోడకు అవతల నిద్రపోతున్నారు.

అయినా ఎవరికీ అపాయం కలగలేదు. రాత్రి రెండు గంటల వేళ తాత ఆ గది తలుపు దగ్గరకు వచ్చి, వాసన పసిగట్టాడు. వెంటనే వరండాలోని కాల్ పాయింట్ అద్దాన్ని నొక్కాడు. గంటలన్నీ మోగాయి. నర్సులు లేచి తల్లులనూ బిడ్డలనూ రెండవ వైపు మెట్లగుండా కిందికి చేర్చారు. ఆయన మెయిన్ స్విచ్ ఆపి, మంటలార్పే సిలిండరుతో నిప్పును అదుపు చేశాడు.

నేను మధ్యాహ్నానికి అక్కడికి చేరుకున్నాను. మసిబారిన గోడను చూస్తూ, “ఆ వేళకు నువ్వు పైకి ఎందుకు వెళ్ళావు తాతా?” అని అడిగాను. “నేను రోజూ వెళతాను బాబూ, గంటకోసారి” అన్నాడు. ఎందుకని మళ్ళీ అడిగాను. ఆయన ప్యానెల్ వైపు చూపి, “పసుపు వెలుగుతోంది కదా! పైన ఎక్కడో చూసేవాళ్ళు లేరని అదే చెబుతోంది. ఏ గదో నర్సమ్మను అడిగి తెలుసుకున్నాను. ఎవరో ఒకరు చూడాలి కదా!” అన్నాడు.

నలభై రాత్రులు, గంటకొకసారి, అరవై ఏళ్ళు దాటిన మనిషి రెండంతస్తులు ఎక్కి దిగాడు. నేను నాలుగు మీటలతో మూసివేసిన కంటికి బదులుగా ఆయన తన కంటిని కాపలా ఉంచాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో!

ఆ రాత్రి నేను బస్సెక్కలేదు. నాలుగురోజులు అక్కడే ఉండి, ఆ గదిలో హీట్ డిటెక్టరు బిగించాను. పొగ డిటెక్టరును తలుపు బయటికి, పోపు ఆవిరి తగలని చోటికి మార్చాను. ప్రతి గదికి వెళ్ళి అక్కడ నిజంగా ఏం జరుగుతున్నదో చూసి, ప్యానెల్‌లో పేర్లు సరిదిద్దాను. ప్రతి అంతస్తు పటాన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించి, డిటెక్టర్ల సంఖ్యలు వేసి ప్యానెల్ పక్కన అతికించాను. ఇక ఆయన ఎవరినీ అడగనవసరం లేదు. అప్పటికి పసుపు దీపం ఆరింది. తాత దానివైపు ఒకసారి చూసి, “ఇవాళ కాస్త కూర్చోవచ్చు” అన్నాడు.

‘నాన్నా పులి’ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పులి రాకుండానే కేకలు వేసిన పిల్లవాడి తప్పును మనం ఎంచుతాం. మాటిమాటికీ మోగే గంట విషయంలో చేయవలసినది అది ఎందుకు మోగుతున్నదో తెలుసుకోవడం. దాని నోరు మూయడం ఎంతో సులభం. నేను చేసింది ఆ సులభమైన పని. కేక ఆగిపోయినంత మాత్రాన పులి అడవికి తిరిగిపోదు.

ఆ తరువాత కూడా మన దేశంలో పొగ ఎందరినో బలిగొన్నది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులోని ఒక హోటలులో ఎనిమిది మంది, 2023 మార్చి 16న అదే నగరంలోని స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు మరణించారు. అటువంటి వార్త చదివిన ప్రతిసారీ నాకు ఆ మసిబారిన గోడ, దానికి అవతల నిద్రిస్తున్న పసిబిడ్డలు గుర్తుకు వస్తారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలుపెట్టిన వారిని చూసి మనం నవ్వుతాం. బావి ముందే తవ్వి, చేద తాడు తెంపి ఉంచినవాణ్ణి నేను.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే యువకులకు లూప్ గురించి, లెక్కల గురించి చెబుతాను. అవి వారు త్వరగానే నేర్చుకుంటారు. పని ముగించి బయలుదేరే ముందు ప్యానెల్ ఎదుట నిలబడి, నిలిపివేసిన భాగాల జాబితాను పైకి చదవమంటాను. జాబితా ఖాళీగా ఉంటేనే సంచి సర్దుకోవాలి. తప్పనిసరిగా ఏదైనా ఆపవలసి వస్తే, అది తిరిగి పనిచేసేంత వరకు అక్కడ ఎవరు కాపలా ఉంటారో ఆ మనిషి పేరు పుస్తకంలో రాయాలి. ‘తాత్కాలికం’ అన్న మాట మా పుస్తకాల్లో ఇక లేదు.

మీరు ఈసారి ఏ ఆస్పత్రికైనా, హాలుకైనా వెళ్ళినప్పుడు ఆ పెట్టె ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఆకుపచ్చ దీపం మాత్రమే వెలుగుతుంటే నిశ్చింతగా ముందుకు సాగండి. పసుపు దీపం కూడా వెలుగుతుంటే అక్కడున్న వారిని అడగండి. “పైన ఎక్కడో చూసేవాళ్ళు లేరట, ఎవరు చూస్తున్నారు?” అని అడగండి.