టోఫుని పొరటు చేయండి

టోఫు చప్పగా ఉంటుందనే ఫిర్యాదు చాలావరకు దాన్ని పనీర్‌కి బదులుగా వాడటం వల్లే వస్తుంది. పనీర్‌లో పాలకొవ్వు ఉంటుంది, దానికంటూ ఒక కమ్మదనం ఉంటుంది. టోఫు సోయా పాలను విరగ్గొట్టి అదిమిన ముద్ద. రుచి మనమే పట్టించాలి. అందుకే ముక్కలు కోసి గ్రేవీలో వేసేకన్నా కోడిగుడ్డు పొరటులా చేసుకోవడం మేలు. చేత్తో చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపులో నీరు ఇగిరేదాకా వేయించి పసుపు, ఉప్పు, కారం చల్లితే చపాతీకైనా అన్నానికైనా పది నిమిషాల్లో కూర తయారు. నానబెట్టే పని లేదు, కుక్కర్ కూతలు లెక్కపెట్టక్కర్లేదు. ముక్కలే కావాలంటే (పులుసుకి అవే బాగుంటాయి) ముందురోజు ఫ్రీజర్‌లో పెట్టాలి. లోపలి నీరు గడ్డకట్టి, కరిగాక స్పాంజిలా రంధ్రాలు మిగులుతాయి. పిండేసి వేస్తే ముక్కలు చింతపండు పులుసుని బాగా పీల్చుకుంటాయి.

ధరలో టోఫు పప్పుతో పోటీ పడలేదు, నిజమే. సోయా తింటే మగవాళ్ల హార్మోన్లు తారుమారవుతాయన్న భయం మాత్రం నిలవదు. సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌ని పోలి ఉంటాయి కానీ, మగవాళ్లపై జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2010, 2021 విశ్లేషణల్లో టెస్టోస్టెరాన్ తగ్గినట్టు తేలలేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకీ సోయాకీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచాలి.