మశూచి పోయినా పోచమ్మ ఉంది

మతం భయంలోంచి పుట్టిందనేది సగం నిజమే. మశూచిని 1980 నాటికి ప్రపంచం వదిలించుకుంది. మశూచి తల్లిగా మొక్కిన పోచమ్మ మాత్రం పోలేదు. జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టుపక్కల బస్తీల్లో ఆషాఢం వస్తే పసుపు రాసిన కుండ, వేపమండలు, పైన దీపంతో బోనం ఎత్తుకుని ఆడవాళ్లు బయల్దేరుతూనే ఉన్నారు. అంటే ఆ తల్లి చేసే పని ఇంకేదో ఉంది. ఖర్చుపెట్టి, కాళ్లు కాలేలా నడిచి అందరిముందూ మొక్కు తీర్చుకున్నవాళ్లను పక్కింటివాళ్లు నమ్ముతారని పరిణామవాదుల్లో కొందరంటారు. మానవశాస్త్రవేత్త రిచర్డ్ సోసిస్ బృందం 19వ శతాబ్దపు అమెరికాలోని 83 సమష్టి జీవన సమాజాలను పరిశీలిస్తే, మత సమాజాల్లో కట్టుబాట్లు ఎంత కఠినమైతే ఆ సమాజం ఆయుష్షు అంత పెరిగింది. మతంతో పనిలేనివాటిలో ఆ తేడా లేదు.

ఆ నమ్మకానికి కార్మిక యూనియన్ చాలదా అంటారా? చాలేది, కంపెనీ మూతపడనంతకాలం. మతం మనుషుల్ని విడదీస్తుందన్న అభ్యంతరమే బరువైనది. నిజమే, మనవాళ్లను గుర్తుపట్టించే గుర్తే పరాయివాళ్లనూ పట్టిస్తుంది. తొలి బోనం ఎవరిదన్న పంతాలు పుట్టేదీ అక్కడే.