అల ఎంత పెద్దది?

మ్యూజ్‌స్కోర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. స్వరాలు ఎక్కిస్తే ఐదు గీతల మీద పాశ్చాత్య పద్ధతిలో అందంగా పేర్చి పెడుతుంది, వాయించి కూడా వినిపిస్తుంది. దోహాలో పెరుగుతున్న మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆ ఐదు గీతల్ని మాత్రం గడగడా చదివేస్తుంది. కాకినాడలో మా అమ్మ పాడే మంగళహారతిని దానికి ఆ లిపిలోనే రాసిద్దామనుకున్నాను. ఆ పాట ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. అమ్మకిప్పుడు 78 ఏళ్ళు, పై షడ్జం అందడం లేదు.

రాగం ఆనందభైరవి. స్వరాలన్నీ సరిగ్గానే పడ్డాయి. వాయించమంటే మాత్రం కాలింగ్ బెల్ మోగినట్టుంది! అమ్మ గొంతులో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. పక్కన చిన్న చిన్న స్వరాలు చేర్చి చూశాను. పాటకి నత్తి వచ్చింది.

ఇక్కడి అరబ్బు సంగీతానికీ ఇలాంటి చిక్కే ఉంది. రాస్త్ మకాంలో మూడో స్వరం పియానో మెట్ల మధ్యన పడుతుంది. దానికోసం వాళ్ళు ఫ్లాట్ గుర్తుకి ఒక అడ్డగీత కొట్టారు. మ్యూజ్‌స్కోర్‌లో ఆ గుర్తు ఉంది. కానీ అది స్వరం ఉండే చోటుని చెబుతుంది. మన గమకం కదలిక కదా.

కదలికకి గుర్తులు మనకి ఎప్పుడో ఉన్నాయి. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోని పుస్తకమే. అందులో కంపితానికి అలలాంటి గీత, మిగతా గమకాలకి వేరే గుర్తులు. ఆయన్ని ఆ పనికి పురికొల్పిన చిన్నస్వామి మొదలియార్ అంతకుముందే మద్రాసులో మన కీర్తనల్ని ఈ ఐదు గీతల మీదే అచ్చువేసిన మనిషి. ఇద్దరి పద్ధతులూ ఒకే కాగితం మీదికి తెస్తే?

సాఫ్ట్‌వేర్‌లో అలలాంటి గీత ఉంది. గాంధారం వచ్చిన ప్రతిచోటా తెచ్చి పైన పెట్టాను. యంత్రం వాయించడం ఆపేశాను. అచ్చుతీసి, అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌తో పాటు పిల్లకిచ్చాను.

“ఈ అల ఎంత పెద్దదమ్మా?” అంది.

“అమ్మమ్మనడుగు.”

శుక్రవారం సెలవు. ఫోన్ చేసింది. అమ్మ ఆ ఒక్క చరణం నాలుగుసార్లు పాడింది. నాలుగూ నాలుగు రకాలు. పిల్ల పెన్సిల్ తీసుకుని నాలుగు అలలూ ఒకదాని మీద ఒకటి గీసుకుంది.