కరెంటు పుట్టే చోట కరెంటు వెతుకులాట

2025 మార్చి 13, గురువారం. సూర్యాపేట

"ఎంతిస్తది?"

ఛార్జర్ దగ్గర కారు ఆపగానే పక్కన చేరినవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. కంపెనీ కాగితం మీద 489 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద తొంభైలో, ఏసీ వేసుకుని పోతే యూనిట్‌కు ఏడు. మా నెక్సాన్ బ్యాటరీ 45 యూనిట్లు. మిగతా లెక్క అడిగినవాళ్లే వేసుకుంటారు. వేసుకున్నాక "డీజిలే నయం గదా" అనేసి టీ కొట్టు వైపు నడుస్తారు. ఇవాళ ఒక లారీ డ్రైవర్ మాత్రం అసలు ప్రశ్న అడిగాడు: "యూనిట్ ఎంత?"

ఇరవై చిల్లర, పైన జీఎస్టీ. ఇంట్లో ఫ్యానుకూ ఫ్రిజ్జుకూ వాడే కరెంటుకు జీఎస్టీ లేదు. కరెంటు కారు కొంటే 5 శాతం. ఆ కారులోకి రోడ్డు మీద కరెంటు ఎక్కిస్తే 18 శాతం. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మడం కాదు, సేవ చేయడం అని 2018లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చింది. అందువల్ల లైసెన్సు లేకుండా ఎవరైనా ఛార్జింగ్ కేంద్రం పెట్టుకోవచ్చు. మంచిదే. కానీ సేవ అన్నాక దాని పన్నూ వెంటే వచ్చింది.

*

పక్క సీట్లో బాబాయి. సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు, ఇల్లందులో ఇల్లు. హైదరాబాదులో కొడుకు దగ్గర కొన్నాళ్లుండి విసుగెత్తి, "నన్ను మా ఊళ్లో దించరా, దారిలో రాముణ్ణి చూపించు" అన్నాడు. ఇల్లందు నుంచి భద్రాచలం దారిలో ఎట్లా అవుతుందని నేను అడగలేదు.

ఇడ్లీ తిని వచ్చేసరికి 78 శాతం. అప్పటిదాకా పరుగెత్తిన అంకె ఎనభై దాటగానే నడక మొదలుపెట్టింది. "నిండేకొద్దీ తగ్గించకపోతే సెల్లు కాలిపోద్ది. బ్యాటరీ తత్వమే అంత" అని నేను చెప్పబోయింది ఆయనే చెప్పాడు. పది నుంచి ఎనభైకి నలభై నిమిషాలు, ఆ పైన ఇరవైకి దాదాపు అంతే సేపు. హైవే మీద ఎనభైకి గన్ను పీకేసి వెళ్లిపోవడం తెలివి. అడవి దారి పట్టే ముందు మాత్రం నూరు కావాల్సిందే. ఆ పని రేపు ఖమ్మంలో.

*

సాయంత్రం, ఖమ్మం. మిర్చి సీజను. మార్కెట్ యార్డు వైపు గాలి మళ్లిందంటే కారు అద్దాలు మూసినా తుమ్ములే. తేజా మిర్చి ఘాటుకు బాబాయి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు, ఊరు దగ్గరికొచ్చిన ఆనందం.

మున్నేరు వంతెన కింద నీళ్లు సన్నగా పారుతున్నాయి. కిందటి సెప్టెంబరు 1న ఇదే ఏరు కాలనీలకు కాలనీలను ముంచింది. అప్పట్నుంచి కరెంటు కారున్న ప్రతి ఖమ్మం మనిషికీ వచ్చే సందేహం: నీళ్లలో షాక్ కొడుతుందా? బ్యాటరీ పెట్టెకు ఐపీ67 అనే ప్రమాణం ఉంది. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి తేమ చేరకూడదు. మున్నేరు అరగంటకు పోయే చుట్టం కాదు మరి.

*

ఫోన్లో పెట్రోలు కంపెనీలవి, ప్రైవేటువాళ్లవి, కారు కంపెనీది, రకరకాల యాప్‌లు. ప్రతి యాప్‌లో వాలెట్. ప్రతి వాలెట్లో మిగిలిపోయిన యాభయ్యో డెబ్భయ్యో. పెట్రోలు బంకువాడు చిల్లర ఉంచుకుంటే ఊరుకుంటామా?

2025 మార్చి 14, శుక్రవారం

కారేపల్లి మీదుగా ఇల్లందు. వీధుల్లో హోలీ రంగులు, కారు మీద కూడా కాస్త పడ్డాయి. కారేపల్లి మండలం కాగితాల్లో సింగరేణి మండలం. కంపెనీ పేరు ఇక్కడిదే.

భద్రాచలం యాత్రకు పోయేవాళ్లు దారిలో వంటకు రాళ్లు పెట్టుకుంటే పొయ్యిలో కట్టెలతోపాటు రాళ్లూ అంటుకున్నాయని ఇల్లందులో చెప్పుకుంటారు. అది కథ. చరిత్రలో ఉన్నది 1871, డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఇల్లందు దగ్గర బొగ్గు. 1889లో తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు. ఇప్పటికీ ఒక బొగ్గు పొర పేరు కింగ్ సీమే. ఊరిని పాతవాళ్లు బొగ్గుట్ట అంటారు, బాబాయి కూడా.

ఇంటి తాళం తీసి, ఎండిన తులసికి నీళ్లు పోసి, పక్కింటావిడకు రెండు మాటలు చెప్పి మళ్లీ కారెక్కాడు. "పద, రాముడు ఎదురుచూస్తాడు."

*

కొత్తగూడెం రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. నమ్మి దిగినవాళ్లు రాముడి గుడికి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి.

*

కొత్తగూడెం దాటాక యాప్‌లో ఒక పచ్చచుక్క. మాకు అవసరం లేదు, 70 శాతం పైనే ఉంది. ఉందో లేదో చూద్దామని ఆగాం. మిషను ఉంది. స్క్రీన్ నల్లగా ఉంది. గన్ను హోల్డరులో సాలీడు గూడు.

"నెల నుంచి ఇంతే సార్" అన్నాడు వాచ్‌మన్. "ఫోన్ చేస్తే టికెట్ రైజ్ చేసినమంటరు."

బాబాయి మిషను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "బాయి దిగే ముందు ల్యాంప్ రూములో దీపం తీసుకునేవాళ్లం. షిఫ్టుకు దిగే మనుషులకంటే దీపాలు ఎక్కువుండేవి. ఒకటి వెలగకపోతే ఇంకోటి చేతికిచ్చేవాళ్లు. దీపం లేదని ఒక్క మనిషినైనా ఇంటికి పంపలేదు. ఇక్కడ ఒక్కటి పెట్టి, ఉందని ఎట్లా రాసుకున్నార్రా?"

నాకు ఇందులో ఇంతకంటే చెప్పాల్సింది కనిపించడం లేదు. జాతీయ రహదారి మీద ప్రతి 25 కిలోమీటర్లకు, రెండు వైపులా ఛార్జింగ్ కేంద్రం ఉండాలని కేంద్రం మార్గదర్శకాలు ఏళ్ల కిందటే చెప్పాయి. మ్యాపు మీద చుక్కలు లెక్కపెట్టుకుంటే ఆ మాట నెరవేరినట్టే కనిపిస్తుంది. మాది పెద్ద బ్యాటరీ కాబట్టి నవ్వుకుని వచ్చేశాం. 2020లో వచ్చిన పాత నెక్సాన్‌లో ఉన్నది 30 యూనిట్లే. దాన్ని తోలుకుంటూ, పిల్లల్ని వెంటేసుకుని, ఈ చుక్కను నమ్ముకుని వచ్చినవాడి సంగతేంటి? ఒక్క మిషను ఉన్న చోట మిషను లేనట్టే లెక్క.

*

పాల్వంచ. కిందటేడు ఆగస్టు 5న పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలతో కూల్చేశారు. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి అవి కనపడితే భద్రాచలం వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. ఆ చోటు బోసిగా ఉంది. కొత్త చిమ్నీ మాత్రం పొగ వదులుతోంది.

"నీ కారుకు పొగ లేదంటావు" అన్నాడు బాబాయి. "పొగగొట్టం ఇక్కడ పెట్టుకున్నావురా."

నిజమే. రాత్రిపూట మన గోడ సాకెట్లోంచి కారులోకి ఎక్కేదాంట్లో ఎక్కువ పాలు బొగ్గుదే. అయినా అదే బొగ్గును ఒక్క చోట పెద్ద బాయిలర్‌లో కాల్చి, ఆ కరెంటుతో మోటారు తిప్పితే, ఊరూరా వీధిలో ముక్కు ముందు డీజిల్ కాల్చడం కంటే మేలని నా వాదన. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. పాల్వంచలో పుట్టి పెరిగిన మనిషిని అడిగితే ఎవరి ముక్కు ముందు అంటాడేమో.

ఇక్కడ 1,800 మెగావాట్లు. గోదావరి ఒడ్డున మణుగూరు భద్రాద్రి ప్లాంటులో ఇంకో 1,080. కేటీపీఎస్ ఏడో దశ 800 మెగావాట్ల యూనిట్ ఒక్కటి నిండుగా నడిస్తే 60 కిలోవాట్ల ఛార్జర్లు పదమూడు వేల పైచిలుకు ఒకేసారి నడుస్తాయి. నల్లస్క్రీన్ మిషనుకు కావాల్సింది అందులో ఒక్క పాలు.

*

రాత్రి, భద్రాచలం. సారపాక పేపరు మిల్లు వాసన, వంతెన, గోదావరి. ఏటా ఫాల్గుణ పౌర్ణమి నాడు గుడిలో శ్రీరామనవమి తలంబ్రాలు కలపడం మొదలుపెడతారు. నవమి ఏప్రిల్ 6న. మేం చేరేసరికి ఆ సందడి అయిపోయింది. దర్శనం మాత్రం హాయిగా దొరికింది.

లాడ్జి మేనేజరుకు 15 ఆంప్స్ సాకెట్ కావాలని చెప్పడానికి కాస్త టైం పట్టింది.

"ఏసీ కంటే ఎక్కువ లాగుద్దా సార్?"

"రెండు ఏసీలంత. పద్దెనిమిది యూనిట్లు పట్టొచ్చు. మూడొందలిస్తా."

ఒప్పుకున్నాడు. కింద జనరేటర్ గది పక్కన సాకెట్. కేబుల్ పెట్టాను. ఎర్రలైటు. తీసి పెట్టాను. ఎర్రలైటే. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారు ఛార్జర్ కరెంటు తీసుకోదు. ఫ్రిజ్జు, గీజరు పట్టించుకోని సంగతిని ఇది పట్టించుకుంటుంది. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లకు, ఎన్ని లాడ్జీలకు సరైన ఎర్తింగ్ లేదో ఈ కార్లు వచ్చాక గానీ బయటపడలేదు.

బాబాయి లుంగీ పైకి కట్టి పెరట్లోకి దారితీశాడు. టెస్ట్ ల్యాంప్ అడిగాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య బల్బు దేదీప్యమానంగా వెలిగింది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెడితే ఎర్రటి పురుగులా మినుకుమంది. "గుంత ఎక్కడ?" మేనేజరుకు తెలియదు. గోడవారన సిమెంటు పలక కింద దొరికింది, ఎండిపోయి పగుళ్లిచ్చింది. గుప్పెడు రాళ్లుప్పు, బకెట్ నీళ్లు, మళ్లీ బకెట్. పది నిమిషాలు ఆగి బల్బు పెడితే నిండుగా వెలిగింది. కేబుల్ పెట్టాను. పచ్చలైటు.

"మీ గీజరుకు కూడా పనికొస్తదిలే" అన్నాడు బాబాయి మేనేజరుతో. ఆ మనిషి మూడొందలు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. బలవంతంగా ఇచ్చాం.

2025 మార్చి 15, శనివారం

తెల్లారేసరికి 100.

చింతూరు దాకా పోయొద్దామని బయల్దేరాం. ఊరు దాటగానే ఎటపాక, ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాలు అటు పోయాయి. భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. పర్ణశాలకు పోవాలన్నా మధ్యలో ఆంధ్రా ఊళ్ల మీదుగానే పోవాలి. ఆ మండలాలతోపాటు దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం కూడా పోయింది, 460 మెగావాట్లు. చింతూరు మండలంలో, అడవి మధ్య.

అంటే ఒకవైపు బొగ్గు కరెంటు, ఇంకోవైపు నీటి కరెంటు. మధ్యలో అరవై కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఇవాళ మా యాప్‌లలో ఒక్క చుక్క లేదు.

*

మోదుగలు పూశాయి. ఆకు లేని కొమ్మల మీద నారింజ రంగు. ఇప్ప పూలు రాలడం ఇంకా జోరందుకోలేదు. నేల శుభ్రం చేయడానికి ఒకటి రెండు చెట్ల కింద ఆకులు తగలబెట్టారు, సన్నటి పొగ. యాభై-అరవైలో పోతుంటే యూనిట్‌కు ఎనిమిది దాటుతోంది. అద్దాలు దించితే టైర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కోయ గూడెం దగ్గర మేకలు తప్పుకోలేదు, చప్పుడు లేని బండికి ఎందుకు తప్పుకుంటాయి? హారన్ కొట్టాల్సి వచ్చింది.

*

మధ్యలో చాలా సేపు ఫోన్ సిగ్నల్ లేదు. ఇక్కడ రేపు ఛార్జర్ పెట్టినా యాప్‌తో మొదలుపెట్టేదైతే ఏం లాభం? మిషనులో కరెంటుంటుంది, జేబులో డబ్బుంటుంది, సర్వర్‌కు కబురు పోదు. కార్డు తాకిస్తే నడిచేదో, డబ్బు తీసుకుని స్విచ్చేసే మనిషో ఉండాలి.

*

చింతూరులో శబరి వంతెన దగ్గర భోజనం. కాస్త ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. ఘాట్ ఎక్కి మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి పోదామా అని ఒక్క నిమిషం ఊగాను. బ్యాటరీ సరిపోతుంది. ఎక్కేటప్పుడు తిన్నది దిగేటప్పుడు కొంత బ్రేకుల నుంచి తిరిగొస్తుంది. బాబాయికి మాత్రం ఇల్లు గుర్తొచ్చింది. వెనక్కి తిప్పాం.

2025 మార్చి 16, ఆదివారం

పొద్దున్నే భద్రాచలం కరకట్ట. ఇక్కడ గోదావరిని అడుగుల్లో మాట్లాడతారు: 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులైలో 71.3 దాకా వచ్చింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో 75.6. ఛార్జర్ పెట్టడానికి చోటు వెతికేవాళ్లు మ్యాపుతోపాటు ఈ అంకెలు కూడా చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ నీళ్లలో, మిషను ఒడ్డున ఉంటే ఎవరికి పనికొస్తుంది?

*

తెలంగాణ ప్రభుత్వం కరెంటు బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. బండ్లు పెరుగుతాయి. నవమికి, ముక్కోటికి అవి భద్రాచలం వస్తాయి. కాబట్టి కోరేది ఇది: భద్రాచలం ఆర్టీసీ బస్టాండులోనో, టూరిజం హోటల్లోనో ఒకటి కాదు, రెండు మిషన్లు పెట్టండి. వరద అంకెకు పైన పెట్టండి. రాత్రీ పగలూ మనిషి ఉండే చోట పెట్టండి. చెడిపోయిన రోజే మ్యాపులోంచి పచ్చచుక్క తీసేయండి.

అది జరిగేదాకా ఈ దారిన వచ్చేవాళ్లకు రెండు మాటలు. ఖమ్మంలో ఎంత ఆలస్యమైనా 100 చేసుకోండి, మాలాంటి పెద్ద బ్యాటరీకైతే భద్రాచలం పోయి రావడానికి అది చాలు. 15 ఆంప్స్ కేబుల్ డిక్కీలో ఉంచుకోండి. లాడ్జి మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని కాదు, ఎర్తింగ్ ఉందా అని అడగండి.